కోర్టులో బొమ్మలు గీయాలనుకుంటున్న పెరంబూరు పాఠకురాలికి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. నాన్న ఉద్యోగం వల్ల చిన్నప్పటి నుంచీ చెన్నై పెరంబూరులోనే ఉంటున్నాం. ప్రభుత్వ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో పెయింటింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. అమెరికాలో కెమెరాలను రానివ్వని విచారణలను పాస్టెల్స్‌తో గీసేవాళ్ల పని చూసినప్పటి నుంచి నాకూ అదే చేయాలనుంది. మద్రాసు హైకోర్టులో కూర్చుని గీయనిస్తారా? ఏ సామాను కొనాలి? దీంతో బతకొచ్చా? లా కూడా చదవాలా? నాన్నేమో "అలాంటి ఉద్యోగమే లేదు, బ్యాంకు పరీక్షలు రాయి" అంటున్నారు.

సమాధానం: మీ నాన్నగారి మాటలో మొదటి సగం నిజం. ఇది నోటిఫికేషన్ పడే ఉద్యోగం కాదు. నెల జీతమిచ్చి రోజూ కోర్టుకు పంపే పత్రిక దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి. రెండో సగం మాత్రం మేం ఒప్పుకోం. పుస్తకాలకు, పత్రికలకు, సంస్థలకు బొమ్మలు వేసి బతికేవాళ్లు ఉన్నారు. అలాంటి జీవనంలో కోర్టు బొమ్మ ఒక పాయగా నిలుస్తుంది, ఓపిక పడితే మీకు పేరు తెచ్చే పాయ కూడా అవుతుంది. బాపు గారు లా చదివింది మద్రాసు విశ్వవిద్యాలయంలోనే, ఆ తర్వాత బతికింది మాత్రం కుంచెతో, సినిమాలతో. అయితే మీరు రంగుల కన్నా ముందు సిద్ధం చేసుకోవాల్సింది అనుమతి ఉత్తరం. దాని గురించి కాసేపట్లో చెబుతాం.

ఈ పని మొదట ఎక్కడ, ఎందుకు పుట్టిందో తెలిస్తే మీకేం కావాలో తేలుతుంది. 1935లో అమెరికాలో ప్రసిద్ధ విమాన చోదకుడు లిండ్‌బర్గ్ బిడ్డ హత్య కేసు విచారణ ఫొటోగ్రాఫర్ల తాకిడితో జాతరలా మారింది. 1937లో అక్కడి న్యాయవాదుల సంఘం కోర్టు గదిలో కెమెరాలు వద్దని తీర్మానించింది. 1946లో వచ్చిన ఫెడరల్ క్రిమినల్ నిబంధనల్లో 53వది ఫొటోలను, ప్రసారాలను ఆపింది. బొమ్మ గీయడాన్ని ఆపలేదు. టీవీ వార్తలకు దృశ్యం కావాలి, కెమెరా వెళ్లలేదు కనుక చిత్రకారులు వెళ్లారు. 1981లో అక్కడి సుప్రీంకోర్టు రాష్ట్రాల కోర్టుల్లో కెమెరాలకు అడ్డు లేదన్నాక వాళ్ల పని తగ్గుతూ వచ్చింది. ఇప్పటికీ ప్రధానంగా ఫెడరల్ కోర్టుల వల్లే ఆ వృత్తి నిలబడి ఉంది.

ఇంగ్లాండ్‌ది ఇంకో దారి. 1925 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్ ప్రకారం ప్రచురణ కోసం కోర్టులో బొమ్మ గీయడమే నేరం. అందుకని అక్కడి చిత్రకారులు లోపల కూర్చుని చూస్తారు, మాటల్లో నోట్సు రాసుకుంటారు, బయటికొచ్చి జ్ఞాపకం మీద గీస్తారు. ఈ రెండు పద్ధతులూ మీకు రావాలి. అనుమతి వచ్చిన రోజు అమెరికా పద్ధతి పనికొస్తుంది, రాని రోజు ఇంగ్లాండ్ పద్ధతి.

మన దగ్గర ఇంగ్లాండ్ 1925 చట్టం లాంటిది లేదు. అంతమాత్రాన అనుమతి ఉన్నట్టు అనుకోకండి. నేర విచారణ జరిగే కోర్టు అందరికీ తెరిచి ఉండాలని పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 366వ సెక్షన్ చెబుతుంది. గదిలో పట్టినంతమంది వరకే ఆ మాట, పైగా ఎవరినైనా బయటికి పంపే అధికారం జడ్జికి ఉంది. కాబట్టి కూర్చుని వినడం వేరు, ఒళ్లో బోర్డు పెట్టుకుని గీయడం వేరు. ఆ రెండోది జడ్జి ఇష్టం మీద నడుస్తుంది. అడగకుండా గీస్తే కోర్టు సిబ్బంది వచ్చి కాగితం తీసుకుంటారు, ఎందుకు గీస్తున్నారని అడుగుతారు, విచారణ ఒక్క నిమిషం ఆగినా అది మీ వల్లే ఆగినట్టవుతుంది. మళ్లీ ఆ గదిలోకి వెళ్లే ముఖం ఉండదు.

ఉత్తరం ఇలా రాయండి. హైకోర్టుకైతే రిజిస్ట్రార్ జనరల్ పేరిట, సెషన్స్ కోర్టుకైతే ప్రిన్సిపల్ జడ్జి పేరిట, ఒక్క పేజీ మించకుండా ఇంగ్లీషులో. ఏ కేసు, దాని నంబరు, ఏ కోర్టు హాలు, ఏ తేదీ. ఎందుకు గీస్తున్నారు: చదువు కోసమా, ప్రచురణ కోసమా, ప్రచురణ అయితే ఎక్కడ. లోపలికి ఏం తెస్తున్నారు: ఒక బోర్డు, కాగితాలు, రంగు పెన్సిళ్లు, అంతే అని. ఫోన్ వాడనని, బాధితులను, పిల్లలను, రక్షణలో ఉన్న సాక్షులను గీయనని, ఆపమన్న క్షణమే ఆపుతానని. పోలీసుల కోసం అనుమానితుల ముఖాలు గీసే పనితో దీనికి సంబంధం లేదని కూడా ఒక వాక్యం చేర్చండి, చాలామందికి ఆ అయోమయం ఉంటుంది. మీ పనిలోంచి రెండు నమూనాలు, కాలేజీ గుర్తింపు కార్డు నకలు, విభాగాధిపతి సంతకంతో ఒక పరిచయ లేఖ జతచేయండి. కనీసం రెండు వారాల ముందు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. అనుమతి వచ్చినా ఆ రోజు ఉదయం కోర్టు మొదలవకముందే కోర్టు ఆఫీసరుకు కాగితం చూపించి, ఎక్కడ కూర్చోవాలో ఆయన్నే అడగండి. జవాబు రాకపోతే దాన్ని అనుమతిగా తీసుకోవద్దు. ఆ రోజు వెళ్లి చూడండి, గీయకండి.

ఏ కోర్టుకు వెళ్లాలన్నది చాలామంది తప్పుగా ఎంచుకునే విషయం. హైకోర్టు భవనం అందంగా ఉంటుంది. 1892లో ప్రారంభమైన ఆ ఎర్ర ఇటుకల గుమ్మటాలు చూసి మీకు అక్కడే కూర్చోవాలనిపిస్తుంది. కానీ హైకోర్టులో జరిగేది ఎక్కువగా అప్పీళ్లు, రిట్లు, బెయిలు వాదనలు. నిందితుడు సాధారణంగా గదిలో ఉండడు, సాక్షి ఉండడు. పైగా మీరు కూర్చునేది వెనక. లాయర్లందరూ జడ్జి వైపు తిరిగి ఉంటారు. మీకు కనపడేది నల్ల గౌన్ల వీపులు, వాటి పైన దూరంగా ఒకటో రెండో ముఖాలు. మనుషుల కథ కావాలంటే సెషన్స్, మెజిస్ట్రేట్ కోర్టులకు వెళ్లాలి. సిటీ సివిల్, సెషన్స్ కోర్టులు హైకోర్టు ఆవరణలోనే ఉన్నాయి, మెజిస్ట్రేట్ కోర్టులు ఎగ్మూరు, సైదాపేట, జార్జిటౌన్‌లలో ఉన్నాయి. అక్కడ బోను ఉంటుంది, సాక్షి ఉంటాడు, పక్కన ఖాకీ ఉంటుంది, తలుపు దగ్గర నిలబడ్డ కుటుంబం ఉంటుంది.

అక్కడా ఇబ్బంది ఉంది. చాలా గదుల్లో నిందితులు నిలబడే చోటు వెనక గోడకు దగ్గరగా ఉంటుంది, అంటే మీకు పక్కగానో మీకన్నా వెనకగానో. మధ్య వరుసలో కూర్చుంటే నిందితుడిని చూడటానికి మెడ తిప్పాలి, తిప్పినప్పుడల్లా అందరి చూపూ మీ మీదే. పక్క గోడ వెంట చివరి కుర్చీ అడగండి. అక్కడి నుంచి జడ్జి ముప్పావు ముఖం, సాక్షి పక్క ముఖం, నిందితుడి పక్క ముఖం ఒకే చూపులో వస్తాయి.

ముందురోజు సాయంత్రం కాజ్ లిస్ట్, అంటే మర్నాడు విచారణకు వచ్చే కేసుల జాబితా, చూడండి. మీ కేసు ఎన్నో నంబరు, ఏ దశలో ఉంది అన్నవి అందులో ఉంటాయి. దశను బట్టి మీకు దొరికే సమయం మారుతుంది. రిమాండుకు తెస్తే నిందితుడు కొద్ది నిమిషాలే ఉంటాడు, తలా భుజాల గీతకు తప్ప దేనికీ వ్యవధి ఉండదు. తీర్పు రోజూ అంతే, శిక్ష ఎంతో చదివేది చివరి కొన్ని నిమిషాలు. నిదానంగా గీయగలిగేది క్రాస్ ఎగ్జామినేషన్, అంటే అవతలి పక్షం లాయరు సాక్షిని ప్రశ్నించే దశ. సాక్షి ఒకేచోట గంటసేపు నిలబడతాడు, లాయరు ఒకే చేతి కదలికను పదిసార్లు చేస్తాడు. నేర్చుకునే రోజుల్లో అదే ఎంచుకోండి. వాయిదా పడుతుందని కూడా ముందే అనుకుని వెళ్లండి. కేసు పిలిచి, తేదీ ఇచ్చి, తర్వాతి కేసు పిలవడానికి అర నిమిషం చాలు.

ఇక సామాను. అమెరికన్ చిత్రకారులను చూసి సాఫ్ట్ పాస్టెల్ పెట్టె కొనేయకండి. వాటి పొడి బల్ల మీద, పక్కవాళ్ల తెల్ల చొక్కా మీద పడుతుంది. చెన్నై చెమట చేతికి అంటుకుని ముఖం రంగు చొక్కా మీదికి పాకుతుంది. మొదటి రెండేళ్లు పాస్టెల్ పెన్సిళ్లు, రంగు పెన్సిళ్లు చాలు. కాగితం తెల్లది వద్దు. లేత గోధుమ లేదా బూడిద రంగు, ఏ3 సైజు, 160 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని కాగితం మందాన్ని చెప్పే లెక్క), కాస్త గరుకుగా ఉన్నది. 100 జీఎస్‌ఎం లోపు కాగితం సముద్రపు తేమకు మధ్యాహ్నానికి వంకర తిరుగుతుంది, రంగు రెండో పొర పట్టదు. హైకోర్టు ఎదుట జార్జిటౌన్‌లో అండర్సన్ వీధి కాగితాల బజారే. అక్కడ విడి షీట్లు తాకి చూసి తీసుకోవచ్చు. స్పైరల్ పుస్తకం వద్దు, పేజీ తిప్పిన చప్పుడు నిశ్శబ్దంగా ఉన్న గదిలో జడ్జి దాకా వినపడుతుంది. 45 సెంటీమీటర్ల పొడవు, 32 వెడల్పున్న పలుచటి హార్డ్‌బోర్డు మీద ఆరు షీట్లు ఒకదాని మీద ఒకటి మాస్కింగ్ టేపుతో అంటించండి. పైది పూర్తయ్యాక టేపు మెల్లగా లాగి అడుగుకు నెట్టేయొచ్చు. ఇనుప క్లిప్పులైతే వదిలినప్పుడల్లా టప్పుమంటాయి.

బ్లేడు, చాకు, స్ప్రే డబ్బా గేటు దగ్గరే ఆగిపోతాయి. హైకోర్టులో 2015 నుంచి సీఐఎస్‌ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) భద్రత ఉంది. లోపల పెన్సిల్ చెక్కే వీలు లేదనుకుని సిద్ధం కండి. ముదురు గోధుమ రంగు పెన్సిళ్లు నాలుగు, మిగతావి ఒక్కొక్కటి, అన్నీ ఇంట్లోనే పొడవాటి మొనతో చెక్కుకుని, మొనలు విరగకుండా పాత చొక్కా గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. రంగులు పది దాటక్కర్లేదు: ముదురు గోధుమ, కావి, పసుపు కావి, లేత గులాబీ, క్రీము, తెలుపు, ముదురు నీలం, బూడిద నీలం, ఖాకీకి సరిపడే ఆకుపచ్చ కలిసిన గోధుమ, ఒక ఎరుపు. మెత్తటి పిండి రబ్బరు ఒకటి, తడి గుడ్డ ఒకటి. బైనాక్యులర్స్ అమెరికాలో మామూలే గానీ, ఇక్కడ అనుమతి ఉత్తరంలో రాయకుండా తీసుకెళితే అనుమానం తప్ప లాభం లేదు.

నలుపు రంగు కావాలనే చెప్పలేదు. కోర్టు బొమ్మలు ఎక్కువగా పాడయ్యేది నలుపు వల్లే. గదిలో సగంమంది నల్ల కోట్లలో ఉంటారు. ఆ కోట్లన్నీ నల్లగా నింపితే మనుషులు కలిసిపోయి మధ్యలో పెద్ద మరక మిగులుతుంది. కోటును ముదురు నీలం, ముదురు గోధుమ కలిపి ఏటవాలు గీతలతో వేయండి, మడతల దగ్గర కాగితం రంగును అలాగే వదిలేయండి. ఒక లాయరు భుజం ఇంకో లాయరు వీపును తాకే చోట వెనక ఉన్నదాన్ని లేతగా ఉంచండి. మెడ దగ్గరి తెల్ల బ్యాండు రెండు పట్టీలుగా కిందికి దిగుతుంది. మొత్తం బొమ్మలో స్వచ్ఛమైన తెలుపు అక్కడా, చేతిలోని కాగితాల మీదా మాత్రమే వాడితే చూపు నేరుగా ముఖాల మీదికి వెళుతుంది. గౌను హైకోర్టులోనూ సుప్రీంకోర్టులోనూ తప్పనిసరి, కింది కోర్టుల్లో కాదు. సీనియర్ అడ్వకేట్ గౌను కోత వేరు. మెజిస్ట్రేట్ కోర్టు బొమ్మలో అందరికీ గౌన్లు తగిలిస్తే అది చూసిన మొదటి లాయరే బొమ్మ మొత్తాన్ని నమ్మడం మానేస్తాడు.

గీసే క్రమం. మొదటి కేసు పిలవకముందే గది గీసి ఉంచండి: వేదిక, దాని వెనక గోడ, బల్ల అంచు, బోను కమ్మీలు, కిటికీ. ఇలాంటి ఖాళీ గదులు రెండు షీట్ల మీద లేత గోధుమతో సిద్ధంగా ఉండాలి. మీ కంటి ఎత్తులో ఒక అడ్డగీత ఊహించుకోండి. మీరు కూర్చుని ఉన్నారు కాబట్టి నేల మీద కుర్చీల్లో ఉన్న అందరి కళ్లూ దాదాపు ఆ గీత మీదే ఉంటాయి, దూరంగా ఉన్నా దగ్గరగా ఉన్నా. నిలబడ్డ లాయరుకు ఆ గీత రొమ్ము దగ్గర తగులుతుంది. వేదిక మీద కూర్చున్న జడ్జి కళ్లు గీతకు పైన ఉంటాయి. ఈ ఒక్క లెక్క తప్పితే జడ్జి నేల మీద కూర్చున్నట్టో, లాయర్లు గుంతలో నిలబడ్డట్టో కనిపిస్తుంది. ఎంత బాగా పోలిక పట్టినా ఆ తప్పు పూడదు.

కేసు పిలిచాక మొదటి రెండు మూడు నిమిషాలు తల దించకండి, చూడండి. ఎవరు ఎవరి వైపు తిరుగుతున్నారు, ఏ భంగిమ మళ్లీ మళ్లీ వస్తోంది. తర్వాత ముఖ్యమైన వ్యక్తి తల, భుజాల వాలు, చేతులు ఒకే ఊపులో పెట్టేయండి. ముఖం వివరాలు ఆ తర్వాత. పోలిక ఉండేది కళ్లలోనో పెదాల్లోనో అనుకుంటారు. కోర్టు దూరం నుంచి పోలిక నిలిచేది తల ఆకారం, నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత, చెవి ఎత్తు, మెడ ముందుకు వంగిన తీరు, కళ్లజోడు ఫ్రేములో. ఇవి ఐదూ కుదిరితే కళ్లు రెండు మచ్చలైనా గుర్తుపడతారు. గది పైనుంచి ట్యూబులైటు పడుతుంది కనుక కనుగుంటలు, ముక్కు కింద, గడ్డం కింద నీడలు ఉంటాయి. ఆ నీడలకు బూడిద నీలం వాడితే చామనఛాయ ముఖం బతికి వస్తుంది, ముదురు గోధుమ రుద్దితే మసి పూసినట్టవుతుంది. చేతులను వదిలేయకండి. ముఖం కదలకుండా పెట్టుకోగలిగిన మనిషి కూడా చేతులను దాచలేడు. బోను కమ్మీ పట్టుకున్న వేళ్లు, కొంగు చివర మెలితిప్పే వేళ్లు గీస్తే ఆ రోజు ఏం జరిగిందో చెప్పినట్టే. చివరి ఐదు నిమిషాలు బొమ్మ అంచులకు తేదీ, కోర్టు హాలు నంబరు, ఎవరు ఎవరో రాసుకోండి. సాయంత్రానికి పేర్లు కలిసిపోతాయి.

జడ్జికీ బోనుకీ మధ్య దూరాన్ని తగ్గించి ఒకే బొమ్మలోకి తేవడం ఈ వృత్తిలో అందరూ ఒప్పుకున్న పద్ధతి. స్థానాలు తారుమారు చేయడం మాత్రం కుదరదు. ఎడమన ఉన్నవాడు ఎడమనే ఉండాలి. చేతులకు బేడీలు లేకపోతే బేడీలు రాకూడదు. విచారణ ఖైదీకి బేడీలు మామూలుగా వేయకూడదని 1980లోనే సుప్రీంకోర్టు చెప్పింది, ఇప్పుడు కొన్ని తీవ్ర నేరాలకు కొత్త సంహిత అవకాశమిచ్చింది. అలవాటు కొద్దీ మీరు గీసే రెండు ఇనుప వలయాలు ఒక అబద్ధపు వార్త అవుతాయి. కన్నీళ్లూ అంతే. మీరు చూడని కన్నీటిని బొమ్మ బాగుంటుందని పెట్టకండి. బోనులో ఉన్న మనిషి నేరం రుజువయ్యే దాకా నిర్దోషి, ముదురు నీడలతో అతడిని దుర్మార్గుడిగా చూపించే హక్కు మీ పెన్సిల్‌కు లేదు.

గీయకూడనివి కంఠతా పట్టండి. అత్యాచారం కేసుల విచారణ మూసిన గదిలో జరుగుతుంది, మీరు లోపల ఉండనే కూడదు. బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు పడే నేరం. బొమ్మలో ముఖం ఖాళీగా వదిలేశాం కదా అంటే చాలదు. జడ, యూనిఫాం, పక్కన కూర్చున్న తల్లి ముఖం, వీటిలో దేని వల్ల ఊళ్లోవాళ్లు గుర్తుపట్టినా గుర్తింపు బయటపడినట్టే. పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని పోక్సో చట్టం 23వ సెక్షన్, బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తాయి. నేరం మోపబడిన పిల్లలకూ, సాక్షులైన పిల్లలకూ 74 వర్తిస్తుంది. కుటుంబ వ్యాజ్యాల జోలికి వెళ్లకండి. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ఆ విచారణ గురించి ప్రచురించడాన్నే ఆపుతుంది.

కొత్తవాళ్లకు తట్టనిది ఇంకొకటి ఉంది. నిందితుడిని ముఖానికి గుడ్డ కప్పి తెచ్చారంటే చాలాసార్లు గుర్తింపు పరేడు ఇంకా జరగాల్సి ఉందని అర్థం. సాక్షి వరుసలో నిలబెట్టిన మనుషుల్లోంచి అతడిని తనంతట తాను గుర్తుపట్టాలి. జడ్జి ముందు గుడ్డ తీసినప్పుడు మీరు ముఖం చూసి, గీసి, పత్రికలో వేయించారనుకోండి, రేపు "సాక్షి బొమ్మ చూసి గుర్తుపట్టాడు" అని డిఫెన్సు లాయరు అంటాడు. అన్యాయం ఎటువైపైనా జరగవచ్చు: నిజమైన దోషి తప్పించుకోవచ్చు, బొమ్మ చూసి పొరబడ్డ సాక్షి వల్ల అమాయకుడు ఇరుక్కోవచ్చు. ముఖం కప్పి తెచ్చిన మనిషిని కప్పిన ముఖంతోనే గీయండి, లేదా వదిలేయండి.

అనుమతి లేని రోజు జ్ఞాపకం మీద గీయడానికి సాధన వేరుగా కావాలి. మనిషిని రెండు నిమిషాలు చూసి, తల తిప్పి, నోట్సు రాయండి: "నుదురు వెడల్పు, పాపిట ఎడమ, చెవులు కళ్లకన్నా కిందికి, కుడి భుజం పైకి." పది నిమిషాలాగి గీయండి. సబర్బన్ రైలులో, సెంట్రల్ స్టేషన్‌లో ఇది రోజూ చేయొచ్చు. కూర్చుని గీసే సాధనకు డిసెంబరులో మొదలయ్యే మార్గళి సంగీత కచేరీలను మించినవి చెన్నైలో లేవు. ఒకే వెలుగులో ముగ్గురు నలుగురు రెండు గంటల పాటు అదే చోట కూర్చుంటారు, ముఖమూ చేతులూ కదులుతూనే ఉంటాయి. కోర్టులో ఎదురయ్యే చిక్కు కూడా అదే. వెనక వరుసలో, పక్కవాళ్లకు అడ్డం రాకుండా. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాల విచారణలు 2022 సెప్టెంబరు 27 నుంచి ప్రత్యక్ష ప్రసారమవుతున్నాయి, కర్ణాటక హైకోర్టువీ వస్తాయి. వాటిని చూస్తూ లాయర్ల భంగిమలు సాధన చేయండి, కానీ ఆ దృశ్యాన్ని రికార్డు చేయడం, ముక్కలు కత్తిరించి పంచుకోవడం నిబంధనలకు విరుద్ధం. ప్రసారాలు పెరుగుతుంటే మీ పని ఎందుకు అని నాన్నగారు అడగవచ్చు. ప్రసారమయ్యేవి పై కోర్టుల వాదనలు. సాక్షులూ నిందితులూ ఉండే కింది కోర్టుల్లోకి ప్రసార కెమెరా చాలావరకు ఇంకా రాలేదు.

అన్నిటికన్నా మంచి మొదటి మెట్టు లా కాలేజీల మూట్ కోర్టు పోటీలు, అంటే విద్యార్థులు లాయర్లుగా వాదించే నమూనా కోర్టులు. కోర్టు లాంటి గది, నల్ల కోట్లు, నిజమైన వాదన, చాలాసార్లు నిజమైన జడ్జీలే న్యాయనిర్ణేతలు. అనుమతి ఒక్క ఫోనుతో వస్తుంది, బొమ్మలు ప్రచురించుకోవచ్చు. చెన్నైలో అంబేడ్కర్ లా యూనివర్సిటీ ఉంది, ప్రైవేటు లా కాలేజీలూ ఉన్నాయి. ఆ పోటీల నుంచి పన్నెండు మంచి షీట్లు తయారు చేసుకోండి. అందులో నాలుగు గది మొత్తం కనపడేవి, నాలుగు ఒక్కొక్క మనిషివి, రెండు చేతులవి, రెండు జ్ఞాపకం మీద గీసినవి. అనుమతి ఉత్తరంతో జతచేసేవీ, ఎడిటరుకు చూపించేవీ ఇవే.

బొమ్మ పంపడం గురించి క్లుప్తంగా. టీవీకైతే 16:9 చట్రం. ఏ3 కాగితం అడ్డంగా పెడితే 420 మిల్లీమీటర్ల వెడల్పుకు 236 ఎత్తు మాత్రమే తెర మీదికి వస్తుంది, కాబట్టి ముఖ్యమైన ముఖాలు ఆ పట్టీ లోపలే ఉండాలి. అచ్చుకైతే 300 డీపీఐ, అంటే ఏ3కి పొడవు వైపు 4,961 పిక్సెళ్లు, వెడల్పు వైపు 3,508. స్కానరు గాజు పాస్టెల్‌ను నలుపుతుంది, కిటికీ పక్క నీడలో నిలువుగా పెట్టి ఫొటో తీయడం మేలు. రంగు కాగితాన్ని ఫోను తెల్లగా మార్చేయాలని చూస్తుంది, అంచున ఒక తెల్ల కాగితం ముక్క పెట్టి దాన్ని బట్టి రంగు సరిచేయండి. ఫిక్సేటివ్, అంటే రంగు రాలకుండా కొట్టే స్ప్రే, ఫొటో తీశాకే కొట్టండి. కొట్టగానే లేత రంగులు ముదురుతాయి, మీరు జాగ్రత్తగా పెట్టిన వెలుగులు సగం పోతాయి. అడుగు దూరం నుంచి పలుచగా రెండు పొరలు, డాబా మీద, తేమ తక్కువున్న పూట. మధ్యలో బటర్ పేపరు పెట్టి పడుకోబెట్టి దాచండి.

డబ్బు మాట. బొమ్మకింత అని ఒప్పుకోవద్దు. వాయిదా పడితే రోజంతా పోయి చేతికి ఏమీ రాదు. రోజు హాజరుకు ఒక రుసుము, బొమ్మ వాడుకుంటే దానికి వేరే రుసుము అని ముందే ఈమెయిల్లో రాయించుకోండి. కాపీరైటు చట్టం 17వ సెక్షన్ చదవండి, చిన్నదే. మామూలుగా మొదటి హక్కుదారు చిత్రకారుడే. కానీ డబ్బిచ్చి ఎవరైనా ప్రత్యేకంగా గీయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు గీయించుకున్నవారిదే అవుతుంది. "కాపీరైటు చిత్రకారిణిది, ఈ పత్రికకు ఒకసారి వాడుకునే అనుమతి మాత్రమే" అన్న ఒక్క వాక్యం ఆ నష్టాన్ని ఆపుతుంది. హక్కులు రాసిచ్చే పత్రంలో గడువు లేకపోతే ఐదేళ్లని, ప్రాంతం లేకపోతే భారతదేశమని 19వ సెక్షన్ అంటుంది. రెండూ మీరే నింపండి. అసలు బొమ్మ కాగితం ఎప్పుడూ మీ దగ్గరే ఉండాలి, అమ్మేది వేరే బేరం.

కోర్టు రోజుల మధ్య ఇల్లు గడిపేవి వేరే ఉన్నాయి. న్యాయ వార్తల వెబ్‌సైట్లకూ, లా పుస్తకాల ప్రచురణకర్తలకూ బొమ్మలు కావాలి. బార్ అసోసియేషన్లు పదవీ విరమణ చేసే జడ్జీల చిత్రాలు వేయిస్తాయి. లీగల్ సర్వీసెస్ అథారిటీలు ఉచిత న్యాయ సహాయం గురించి కరపత్రాలు, పోస్టర్లు వేస్తాయి, చదవడం రానివాళ్లకు వాటిలో బొమ్మే ముఖ్యం. కోర్టు గది తెలిసిన చిత్రకారిణికి ఈ పనులన్నిటిలో మిగతావాళ్లకు లేని పట్టు ఉంటుంది. నాన్నగారితో ఒక గడువు మాట్లాడుకోండి: డిగ్రీ అయ్యాక రెండేళ్లు, ఇలాంటి పనుల ఆదాయం నెలనెలా పుస్తకంలో రాసి ఆయనకు చూపిస్తానని. ఆయన భయం డబ్బు గురించి కాబట్టి లెక్కలే ఆయనతో మాట్లాడాలి.

లా చదవాలా అన్నారు. అక్కర్లేదు. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ మీ చేతిని మూడేళ్లు ఆపుతుంది. మీకు కావాల్సింది కేసు ఏ దశలో ఉందో, ఎవరు ఏ పక్షమో, ఏది ప్రచురించకూడదో తెలియడం. రెండు మూడు నెలలు వారానికి ఒకరోజు సెషన్స్ కోర్టులో చేతులు కట్టుకుని కూర్చుంటే ఇందులో చాలాభాగం వస్తుంది. దానికన్నా పెద్ద లోటు, మీలా ఇంట్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు మాట్లాడుకునేవాళ్లకు, తమిళంలో ఉంటుంది. హైకోర్టులో వాదన ఇంగ్లీషులో సాగుతుంది గానీ, కింది కోర్టులో సాక్షి మాట్లాడేది తమిళం. అది కూడా తిరునల్వేలి యాస కావచ్చు, ఉత్తర చెన్నై యాస కావచ్చు. పెరంబూరులో పెరిగారు కనుక బజారు తమిళం మీకు వచ్చే ఉంటుంది. తమిళ పత్రికలో నేర వార్తల పేజీ రోజూ బయటికి చదవడం మొదలుపెట్టండి. కుఱుక్కు విసారణై అంటే క్రాస్ ఎగ్జామినేషన్. సాట్చి, తీర్ప్పు, జామీన్, వాయ్‌దా చెవికి తెలుగులాగే ఉంటాయి. సాక్షి ఏ మాట దగ్గర తడబడ్డాడో అర్థమైతేనే ఏ క్షణాన్ని గీయాలో మీకు తెలుస్తుంది.